"కన్వర్ట్" సూత్రమునకు టీకా తాత్పర్యములు

మూలము: "సింక్ పోయిందా? ఒకసారి కన్వర్ట్ చేసి చూడండి, సెట్ అయిపోతుంది."

అవతారిక: అమీర్‌పేట ప్రాంతమున, ఎస్.ఆర్. నగర్ మెట్రో మెట్లు మొదలు మైత్రీవనము దాకా, ఖాళీ గోడ కనబడినచో కోర్సు పేరు అంటించు పుణ్యక్షేత్రమున వీడియో ఎడిటింగు నేర్పు ఆచార్యులొకరు కలరు. ఫీజు కట్టి వారి స్క్రీన్ రికార్డింగు పాఠములు దించుకొని, వానినే కత్తిరించుచు అభ్యసించు శిష్యుడొకడు "సార్, మౌసు నొక్కేశాక 'ఇక్కడ నొక్కండి' అని వినబడుతోంది" అని మొరపెట్టుకొనెను. ఫోను నుండి తల యెత్తకయే వారనుగ్రహించిన సూత్రమిది.

టీక: సింక్, పోయిందా, చూడండి: స్పష్టములు. ఒకసారి: రాత్రంతయు. సెట్ అయిపోతుంది: ఎవరు చేయుదురో చెప్పలేదు గనుక శిష్యుడే యని గ్రహింపవలెను.

ఇక "కన్వర్ట్". మన మెదక్ సీమ కొల్చారపు మల్లినాథసూరి కాళిదాస కావ్యములకు వ్యాఖ్య వ్రాయుచు, ఆధారము లేనిది వ్రాయను, అక్కరలేనిది చెప్పను అని ప్రతిన పూనెను. అమీర్‌పేటలో ఫ్రీ డెమో క్లాసు వినలేదు గనుక నిలుపుకొనెను. అందు రెండవ సగమును మేమిక్కడనే విడుచుచున్నాము.

ఏలయన, ఈ మాట తెలియుటకు సింక్ కథ మొదటినుండి చెప్పవలె. బొమ్మయు శబ్దమును ఒక్కచోటనే యుండవలెననుట నవీన మతము. తెలుగు బొమ్మ 1932లో "భక్త ప్రహ్లాద"తో నోరు విప్పినది. రీళ్ల కాలమున 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై బొమ్మ ఒకచోట, దాని శబ్దము సుమారు 20 ఫ్రేముల ముందు అచ్చయ్యెడిది. బొమ్మ గేటు వద్ద సెకనుకు 24 మార్లు ఆగి ఆగి కదలవలె. శబ్దమునకు ఆ కుదుపు పడదు, సాఫీగా జారవలె. అందుచేత శబ్దము చదువు యంత్రము గేటుకు దిగువన వేరుగా నుండెడిది. నడుమ ఫిల్ము లూపును ఆపరేటరు నాలుగు ఫ్రేములు ఎక్కువ వదిలెనా, హీరో పెదవి ఒక దారి, డైలాగు ఒక దారి. ముందు బెంచీల ఈల కేబినుకు చేరగానే ఆపరేటరు లూపు సరిచేసెడివాడు. ఆహా, ఏమి విద్య! ఒక్క ఫ్రేమునైనా కన్వర్ట్ చేయలేదు. మాట కాస్త వెనుకబడినచో మనిషి ఓర్చుకొనును. మెరుపు తరువాతనే ఉరుము వినుట మనకలవాటు. మాట ముందు వచ్చినచో ఓర్వడు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియను (ఐటీయూ) వారు 1998లో లెక్కగట్టినదాని ప్రకారము ముందు వచ్చిన మాటను 45 మిల్లీసెకన్లకే పసిగట్టుదుము, వెనుకబడిన మాటను 125 మిల్లీసెకన్లకు గాని పట్టము. ఇప్పుడు రీళ్లు పోయినవి, అమీర్‌పేట సత్యం థియేటరు పోయి ఏఏఏ సినిమాస్ వచ్చినది, ఈల వేసినను పలుకువాడు లేడు.

ప్రకృతమనుసరింతము. జబ్బు రెండు విధములు. మొదటి నిమిషమున ఉన్న తేడాయే చివరను ఉన్నచో, టైమ్‌లైనుపై ఆడియోను విడదీసి జరిపిన చాలును. కన్వర్ట్ చేసితిమా, అదే తేడాతో ఇంకొక ఫైలు పుట్టును. తేడా పోనుపోను పెరిగినచో తరచు ఫ్రేమ్ రేటు దోషము. 30 ఫ్రేముల బొమ్మను 29.97గా నడిపిన గంటకు 3.6 సెకన్ల ఎడము. కొన్ని స్క్రీన్ రికార్డర్లు తెరపై ఏదియు కదలనప్పుడు ఫ్రేములు వ్రాయక మిగుల్చుకొనును. అవి లేని సంగతి గమనింపని ఎడిటింగు సాఫ్ట్‌వేరు ఉన్నవానినే సమముగా పరచగా బొమ్మ ముందు పోవును, మాట వెనుకబడును. ఒక్క స్లైడు నిలిపి ఆచార్యులు స్వీయానుభవమును వర్ణించు ఘట్టమే పాఠమంతటిలో మిక్కిలి నిశ్చలము. సింక్ అక్కడనే చచ్చినది.

తాత్పర్యము: కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేటుకు కన్వర్ట్ చేయవలెనని చెప్పవలసినది. డబ్బు అడుగని హ్యాండ్‌బ్రేక్‌లోనే ఆ బటను ఉన్నది. ఆచార్యులు ఆ మూడు మాటలు మింగేశారు. జిల్లా నుంచి వచ్చి, షేరింగు రూములో ఉంటూ, నాన్న అప్పు చేసి పంపిన ఫీజు కట్టిన పిల్లవాడు రాత్రి రెండింటికి ప్రోగ్రెస్ బారు చూస్తూ కూర్చున్నాడండీ! "తెలియదు, చూసి చెప్తా" అంటే ఏం పోయేది?

కోపము టీకాకారునకు తగదు. ఆచార్యులకు మనవి: రికార్డింగు మొదట ఒకమారు, చివర ఒకమారు "ఇదిగో" అంటూ ఒక మెనూ తెరవండి. రెండుచోట్లా తేడా చూసుకుని జబ్బేదో పిల్లలే తేల్చుకుంటారు.