సన్న పిన్ను ఉన్నదా?

ఒకప్పుడు మా రఘునాథపల్లిలో పెళ్లికి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోకముందే అడిగే మాట, "సన్న పిన్ను ఉన్నదా?" పాత నోకియా చార్జరుకు లావు పిన్ను, కొత్తదానికి సన్న పిన్ను, మిగతా కంపెనీలకు ఎవరి పిన్ను వారిదే. ఒకే పిన్ను ఉన్నవాళ్లు స్విచ్‌బోర్డు కింద చుట్టాలైపోయేవారు.

ఆ గొడవ యూరప్ వాళ్లు తీర్చారు. 2024 డిసెంబర్ 28 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లకు సీ టైపే ఉండాలన్నారు. ఐఫోన్ 2023లోనే దిగొచ్చింది. ఐఫోన్ అల్లుడు ఇప్పుడు అత్తగారింట్లో మామ చార్జరే అడుక్కుంటున్నాడు.

పిన్ను కలిసింది గానీ బ్యాటరీ కలవలేదు. మొన్న నా ఫోన్ బ్యాటరీ ఉబ్బి వెనక డోరు లేచింది. రిపేరు తమ్ముడు హీట్ గన్‌తో అంచులు వేడిచేసి, గిటార్ వాయించే ప్లాస్టిక్ ముక్క సందులో దూర్చి, నావైపు చూడకుండానే అన్నాడు: "లోపలంత గమ్మే సార్. గుంజుతుంటే కాంబో పోతే నన్ను అనొద్దు." కాంబో అంటే తెర, టచ్ కలిసిన అద్దం. అది పోతే జనగామలో దొరకాలి, లేదంటే హైదరాబాద్ జగదీశ్ మార్కెట్ నుంచి రావాలి. ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించుకునే డాక్టరే నయమనిపించింది.

నోకియా 1100 కిందపడితే డోరు, బ్యాటరీ, ఫోను తలో దిక్కుకు పోయేవి. ఏరుకొచ్చి, బ్యాటరీని చొక్కాకు తుడిచి పెడితే మళ్లీ పలికేది. 2007లో దానిలో వాడే బీఎల్-5సీ బ్యాటరీల్లో 4.6 కోట్లు వేడెక్కొచ్చని కంపెనీయే చెప్తే, జనం గోటితో డోరు తీసి లోపలి నంబరు చూసుకున్నారు. ఇప్పుడలా చెప్తే ఇంటింటికీ హీట్ గన్ కావాలి. ఏ చట్టమూ లేకుండానే ఆ బ్యాటరీ అందరిదైపోయింది. చైనా రేడియోలు, పాటల డబ్బాలు దాని కొలతకే గూడు కట్టుకున్నాయి.

ఫోన్ మొత్తాన్నే అలా విప్పుకునేలా చేస్తామని గూగుల్ 'ప్రాజెక్ట్ ఆరా' మొదలైంది 2013లో. కెమెరా, స్పీకర్, బ్యాటరీ ముక్కలుగా కొని మనమే ఫ్రేముకు తగిలించుకోవచ్చన్నారు. 2016లో మూసేశారు. అదే ఏడు ఎల్‌జీ జీ5 అని అడుగుభాగం ఊడొచ్చే ఫోన్ తెచ్చింది. దాని ముక్కలు జీ6కు పట్టలేదు. ఒక్క ఫోన్‌కే పట్టే ముక్కను పక్కవాడు ఎందుకు చేస్తాడు? ఆండ్రాయిడ్ అసలు కోడును ఎవరైనా తెరిచి చూడొచ్చు, బ్యాటరీని మాత్రం చూడనివ్వరు!

2027 ఫిబ్రవరి 18 నుంచి మామూలు పనిముట్లతో మనమే బ్యాటరీ మార్చుకునేలా ఉండాలని యూరప్‌లో ఇంకో నియమం రాబోతోంది, కొన్ని మినహాయింపులతో. ఈ సంగతి తమ్ముడికి విడమరిచి చెప్పాను. అంతా విని, "అయితే అప్పటిదాక ఆగుదమా సార్, ఇప్పుడే గుంజన్నా?" అన్నాడు.