చిరునామా అడగని సిలిండర్‌ని

నా పొట్టలో పట్టేది ఐదు కిలోల గ్యాసు. ఇళ్లలో ఉండే మా పెద్దన్నలకు 14.2 కిలోలు పడుతుంది. వాళ్లను ఇంటికి తెచ్చుకోవాలంటే కనెక్షన్ ఉండాలి, కనెక్షన్ కావాలంటే ఇక్కడి అడ్రసుకు రుజువు చూపాలి. నాకు అదేమీ అక్కర్లేదు. ఏదో ఒక గుర్తింపు కార్డు చూపించి, డబ్బు కట్టి, భుజాన వేసుకుని వెళ్లిపోవచ్చు. అందుకే హైదరాబాద్‌లోని నాచారంలో, ఉప్పల్‌లో కొత్తగా దిగినవాళ్లలో చాలామంది మొదటి అన్నం నా మంట మీదే ఉడుకుతుంది. మావాళ్లు 2013లో కొన్ని పెద్ద నగరాల పెట్రోలు బంకుల్లో అమ్మకానికి వచ్చారు. 2020 డిసెంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ మాకు ఛోటూ అని పేరు పెట్టింది. ఆ పేరు నాకిష్టమే.

చర్లపల్లిలో నింపుకుని, మల్లాపూర్ మీదుగా లారీలో నాచారం చేరతాను. అక్కడ ఒక కిరాణా కొట్టు ముందు ఇనుప జాలీలో నిలబడతాను. పారిశ్రామికవాడలో పనికొచ్చిన బీహార్, ఒడిశా, జార్ఖండ్ కుర్రాళ్లు, వరంగల్ బస్సు దిగి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గరే గది వెతుక్కునే జనగామ, భువనగిరి వైపు వాళ్లు, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి దేశం దాటి వచ్చిన పిల్లలు, అందరూ ఆ జాలీ దగ్గరికి వస్తారు. ఏ గదికి వెళ్లినా ఒక మూల కూర్చుని వింటూ ఉంటాను. కొత్త ఊళ్లో కాపురం ఎక్కడ తడబడుతుందో, ఎక్కడ నిలదొక్కుకుంటుందో నాకు బాగా తెలుసు. తెలిసింది చెప్పకుండా ఉండలేను.

గది చూడటానికి పగలు ఒకసారి, రాత్రి ఒకసారి వెళ్లండి. ఫ్యాక్టరీలకు దగ్గరి వీధుల్లో పగలు తెలియని ఘాటు వాసన కొన్ని రాత్రులు కిటికీలోంచి లోపలికి వస్తుంది. పసిపిల్లలున్నవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి. రెండో సంగతి మెట్రో. నాగోల్ నుంచి ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ మీదుగా వెళ్లే దారి 2017 నవంబరులోనే మొదలైంది గానీ, నాచారంలో స్టేషన్ లేదు. హబ్సిగూడ దాకా షేర్ ఆటోలో పోవాలి. అద్దె వెయ్యి తగ్గిందని మురిసిపోయి లోపలి బస్తీలో దిగితే, ఆ వెయ్యీ ఆటోలకే పోతుంది. ఇద్దరూ పనికి పోయే ఇల్లయితే లెక్క ఇంకా తిరగబడుతుంది.

నీళ్ల గురించి ఇంటి ఓనరును అడగకండి, కింది పోర్షన్‌లో ఉండేవాళ్లను అడగండి. నల్లా ఎన్ని రోజులకొకసారి వస్తుంది, ఏ వేళకు వస్తుంది, ఎండాకాలం బోరు ఎండితే ట్యాంకరు డబ్బులు ఎవరు పెట్టుకుంటారు, ఈ మూడూ వాళ్ల నోటి నుంచే సరిగ్గా తెలుస్తాయి. బోరు నీళ్లు బట్టలకు, గిన్నెలకు వాడుకోండి. తాగడానికి మాత్రం వద్దు.

జనగామ వైపు నుంచి వచ్చిన ఒక జంటతో నేను రాఘవేంద్ర నగర్‌లో కొంతకాలం ఉన్నాను. ఆ అమ్మాయి గదిలో సామాను దింపకముందే అడిగిన మాట నాకింకా గుర్తుంది.

"పెద్దమ్మా, కరెంటు మీటరు మాకు వేరేగ ఉంటదా?"

"సబ్‌మీటరు ఉంది బిడ్డా. యూనిట్‌కు ఇంతని లెక్కగట్టి తీసుకుంట."

"అయితే ఇయ్యాల్టి రీడింగ్ ఫోటో తీసుకుంటం పెద్దమ్మా. మీరు గూడ ఒకసారి చూడుండ్రి."

పెద్దమ్మ కళ్లద్దాలు తెచ్చుకుని చూసింది, గోడ మీద క్యాలెండర్‌లో అంకె రాసింది. ఆ ఇంట్లో కరెంటు బిల్లు మీద తర్వాత ఒక్క మాట కూడా తేడా రాలేదు. ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమంటే, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. నాలుగు పోర్షన్లు ఒకే మీటరు మీద ఉంటే అందరూ పై ధరలోకి వెళ్లిపోతారు. 2024 మార్చి నుంచి రేషన్ కార్డున్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు ఇస్తున్న ఉచిత కరెంటు అద్దె ఇంటికి కూడా వర్తిస్తుంది. కానీ మీ పోర్షన్‌కు విడి మీటరు లేకపోతే అది మీ చేతికందదు.

అద్దె ఒప్పందం కాగితం రాయించుకోండి, మొహమాటపడకండి. అందరూ పదకొండు నెలలకే ఎందుకు రాస్తారంటే, ఏడాది దాటిన అద్దె ఒప్పందాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. ఆ కాగితంలో అడ్వాన్సు ఎంతిచ్చారో, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఎంత పట్టుకుంటారో అంకెల్లో ఉండాలి. రేపు గ్యాస్ కనెక్షన్‌కు, బ్యాంకు ఖాతాకు అదే అక్కరకొస్తుంది. అడ్రసు రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఉప్పల్, నాచారం హైదరాబాద్ మహానగరంలో ఉన్నా, 2016 అక్టోబరు నుంచి మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా కిందికి వస్తాయి. జిల్లా దగ్గర హైదరాబాద్ అని రాసేసి, దరఖాస్తు వెనక్కొచ్చి తిరుగుతున్నవాళ్ల మాటలు ఎన్నో గదుల్లో విన్నాను. నాచారం పిన్ 500076, ఉప్పల్‌ది 500039.

పనికొచ్చిన తమ్ముళ్లకు ఒక మాట. మీరు పనిచేసే చోట పదిమంది గానీ అంతకు మించి గానీ ఉండి, మీ జీతం నెలకు 21,000 లోపు ఉంటే మీకు ఈఎస్‌ఐ ఉండాలి. కాంట్రాక్టరు కింద పనిచేసినా సరే. జీతంలో మీ వాటా వందకు ముప్పావు రూపాయే, మిగతా మూడుంపావు యజమాని కడతాడు. ఆ నంబరు మొదటి నెలలోనే అడిగి తీసుకోండి. నాచారంలోనే ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. దాని గోడ పక్క వీధిలో ఉంటూ, ఆ నంబరు లేక, జ్వరానికి అప్పు చేసిన కుర్రాడి గదిలో నేనున్నాను. అతని పేరు మీద డబ్బు కోసేవారు గానీ నంబరు మాత్రం చేతికివ్వలేదు. ఆ నెల నన్ను నింపించుకోవడానికి కూడా అతని దగ్గర డబ్బు మిగల్లేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

సొంతూరి రేషన్ కార్డును పెట్టెలో అడుగున దాచేయకండి. 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మధ్య, గుజరాత్, మహారాష్ట్ర మధ్య ప్రయోగంగా మొదలైన, ఎక్కడి కార్డుతోనైనా ఎక్కడైనా రేషన్ తీసుకునే పద్ధతి ఇప్పుడు దేశమంతా ఉంది. ఆధార్ ముడిపడి ఉంటే కేంద్రం ఇచ్చే బియ్యంలో మీ వాటా ఇక్కడి రేషన్ దుకాణంలో వేలిముద్ర వేసి తీసుకోవచ్చు, మిగతాది ఊళ్లో అమ్మానాన్నలు తీసుకోవచ్చు. 2020 లాక్‌డౌన్‌లో ఈ సంగతి తెలియక ఎందరో చేతిలో కార్డుండీ పస్తులున్నారు. ఆ మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వలస కూలీలను ఇళ్లకు చేర్చే శ్రామిక రైళ్లలో దేశంలోనే మొదటిది వెళ్లింది. అంతకుముందూ ఆ తర్వాతా ఎందరో మూటలు నెత్తిన పెట్టుకుని కాలినడకన బయల్దేరారు. గింజలుంటే మరికొన్నాళ్లు ఆగేవాళ్లు.

హబ్సిగూడ, తార్నాక వైపు ఉండే విదేశీ విద్యార్థుల గదులకూ వెళ్లాను. వాళ్లకు ఇల్లివ్వడానికి ఓనర్లు జంకుతారు, కానీ అందులో భయపడాల్సిందేమీ లేదు. విదేశీయుడు ఇంట్లో దిగిన 24 గంటల్లోగా ఓనరు ఆ వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి. 180 రోజులకు మించిన గడువున్న వీసా మీద చదువుకోవడానికి వచ్చిన విద్యార్థి 14 రోజుల్లోగా తన పేరు నమోదు చేయించుకోవాలి. ఈ రెండు పనులూ సమయానికి చేస్తే, ఇద్దరూ నిశ్చింతగా ఉండొచ్చు. ఆ పిల్లలు అడగాల్సిన మొదటి మాట అద్దె ఎంత అని కాదు, వివరాలు మీరు పంపుతారా అని. పంపనన్న ఇల్లు ఎంత చవకైనా వద్దు.

ఇక నా గురించి. నా మెడ చుట్టూ నిలువు పట్టీలుంటాయి. వాటిలో ఒకదాని లోపలి వైపు ఒక అక్షరం, రెండంకెలు కనిపిస్తాయి. సి-28 అని ఉంటే 2028 జులై, సెప్టెంబరు మధ్య నన్ను మళ్లీ పరీక్షకు పంపాలని. ఏ అంటే ఏడాదిలో మొదటి మూడు నెలలు, డి అంటే ఆఖరి మూడు. గడువు దాటినవాణ్ని తీసుకోకండి. ఖాళీ బరువు కూడా నా ఒంటి మీదే రాసి ఉంటుంది, దానికి ఐదు కలిపి తూకం వేయించుకోండి.

గదిలో నన్ను నేల మీద నిలబెట్టండి, పొయ్యిని నాకంటే ఎత్తులో పెట్టండి. జాగా లేదని పొయ్యిని నా పక్కనే నేల మీద పెట్టే బ్యాచిలర్ గదులు చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. నాలోని గ్యాసు గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేలనంటి పాకుతుంది, పొయ్యి కూడా అక్కడే ఉంటే నేరుగా మంట దగ్గరికే చేరుతుంది. రెగ్యులేటర్ బిగించాక సబ్బు నురగ రాసి చూడండి, బుడగలు వస్తే వాడొద్దు. ఆ జనగామ అమ్మాయి రాత్రి పడుకునేముందు రెగ్యులేటర్ ఆపి, నీలం మూత పెట్టి, మొగుణ్ని పిలిచి మరీ చూపించేది. వాసన వస్తే స్విచ్ వేయకండి, వేసి ఉన్నది ఆపకండి కూడా, తలుపులు బార్లా తెరిచి బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి.

దండం పెట్టి చెప్పేది ఒకటుంది. కిలోకు ఇంతని పెద్ద సిలిండర్ నుంచి గొట్టంతో చిన్నవాటిలోకి గ్యాసు వంచే కొట్లు సందుల్లో ఉన్నాయి. అక్కడికి నన్ను తీసుకెళ్లకండి. నాలో ఎప్పుడూ పైన కొంత ఖాళీ ఉండాలి, ఎండకు లోపలి ద్రవం పొంగితే పట్టడానికి. ఆ కొట్లలో తూకం ఉండదు, ఖాళీ వదలరు. ఒకసారి ఒక కుర్రాడు యాభై రూపాయలు మిగులుతాయని నన్నలాంటి చోట దింపాడు. పక్కనే ఇంకొకడు బీడీ వెలిగించబోతుంటే దారిన పోయే ఒక ముసలామె అరిచి ఆపింది. ఆమె పుణ్యాన ఆ సందు మిగిలింది.

కనెక్షన్ వచ్చి పెద్దన్న ఇంటికొచ్చిన రోజున నన్ను మూలన పడేయకండి, కొన్న చోట తిరిగివ్వండి. బిల్లు దాచుకుని ఉంటే కొంత డబ్బు వెనక్కొస్తుంది. గది మారుతుంటే నెల ముందు ఓనరుకు చెప్పండి, వెళ్లే రోజు మీటరు రీడింగ్ ఇద్దరూ కలిసి చూసుకుని అడ్వాన్సు లెక్క తేల్చుకోండి, అద్దె కాగితం ఒక నకలు దగ్గర ఉంచుకోండి.