నా బీదరికం కబ్జా అయింది

పాఠక మహాశయులకు, తార్నాక నివాసి, రిటైర్డ్ ఉద్యోగి, ఒక భార్యకు భర్త, ఒక కొడుకుకూ ఒక కూతురికీ తండ్రి, పొద్దున బీపీ మాత్రా రాత్రి షుగరు మాత్రా వేసుకునే నేను నమస్కరించి చేసుకునే ఫిర్యాదు ఏమనగా:

నాకున్న ఆస్తులు మూడు. ఒకటి, ఊళ్లో మా నాయన వదిలిపోయిన రెండెకరాలు. దానికి అన్నదమ్ములం ముగ్గురం, మాటలు మాత్రం ఇద్దరి మధ్యే ఉన్నాయి. రెండోది, ఇరవై ఏళ్లు వాయిదాలు కట్టి విడిపించుకున్న ఈ ఫ్లాటు. అది మా ఆవిడ పేరు మీద ఉంది. మూడోది ఒక్కటే నా స్వార్జితం: 1981 నుంచి 1983 దాకా ఉస్మానియాలో ఎకనామిక్స్ ఎం.ఎ. చదువుతూ నేను అనుభవించిన బీదరికం. వారసత్వంగా రాలేదు, కట్నంగా రాలేదు, ఎవరూ దానం చెయ్యలేదు. ఇప్పుడు దాన్ని కబ్జా చేశారు.

తగాదాలో ఉన్న ఆస్తి వివరం. అడిక్‌మెట్‌లో ఒక పెంకుటింటి వెనక గది. పొడవు పదడుగులు, వెడల్పు ఎనిమిది. అద్దె 90 రూపాయలు, తలా ముప్పై. హద్దులు: తూర్పున ఓనరుగారి కరెంటు మీటరు, పడమర ఓనరమ్మగారి తులసికోట, దక్షిణాన నాలుగు వాటాలకూ కలిపి ఒకే ఒక్క పాయఖానా, ఉత్తరాన రైలుపట్టాలు. ఈ నాలుగు హద్దుల నడుమ మేం ముగ్గురం, మూడు రేకు పెట్టెలు, ఒక నూతన్ వత్తుల స్టవ్వు.

స్టవ్వులో కిరసనాయిలు అయిపోయిన రోజున కాయిల్ హీటరు బయటికి తీసేవాళ్లం. అది ఓనరు చట్టంలో నేరం. హీటరు పెట్టగానే మీటరులో చక్రం గానుగెద్దుకు పిచ్చెక్కినట్టు తిరిగేది. అందుకని ఒకడు గదిలో అన్నం వండుతుంటే ఇంకొకడు మీటరుకు వీపు ఆనించి నిలబడి పుస్తకం చదివేవాడు. నా చదువులో సగం అలా నిలబడి చదివిందే. ఓనరుగారు అటుగా వెళ్తూ "ఎంత బుద్ధిమంతుడివయ్యా, వెలుతురు కోసం వాకిట్లోకొచ్చి చదువుతున్నావు" అని మెచ్చుకున్న రోజున మాత్రం నాకు కాస్త సిగ్గేసింది. అన్నం ఉడికేదాకా ఆ సిగ్గుతోనే నిలబడ్డాను.

అమర్త్య సేన్ కరువుల మీద రాసిన పుస్తకం 1981లోనే వచ్చింది. ఊళ్లో తిండి ఉన్నంత మాత్రాన సరిపోదు, దాన్ని దక్కించుకునే స్తోమత లేనివాడు పస్తుంటాడని అందులో సారాంశం. లైబ్రరీలో ఆ పుస్తకం మా వంతుకు వచ్చేనాటికి ఉడిపి హోటలు ముందు నిలబడి మేం ప్రాక్టికల్సు పూర్తి చేసేశాం. ఫుల్ మీల్సుకు చాలదు, ప్లేట్ మీల్సుకు ఆగదు. లోపల సాంబారు బకెట్టు బల్ల బల్లకూ తిరుగుతూనే ఉంటుంది.

ఇంకొక విషయం కూడా రికార్డులోకి ఎక్కించాలి. కిలో 2 రూపాయల బియ్యం పథకం రాష్ట్రంలో 1983లో వచ్చింది. అప్పటికి మా పరీక్షలు దగ్గరికొచ్చేశాయి, రేషన్ కార్డు ఎటూ లేదు. కాబట్టి నా బీదరికం ప్రభుత్వ సాయం నయాపైసా లేకుండా సొంత కాళ్ల మీద నిలబడ్డది.

బియ్యం మా ఊరి నుంచే వచ్చేవి. మిర్యాలగూడ బస్సు డ్రైవరు సీటు వెనక మూట వేస్తే, గౌలిగూడ బస్టాండులో నేను పొద్దున్నే కాచుకుని దింపుకునేవాణ్ని. బియ్యంలో అమ్మ మామిడికాయ తొక్కు సీసా కుక్కేది, దారి కుదుపులకు మూత వదులయ్యేది. విప్పి చూస్తే సీసా చుట్టూ నాలుగైదు దోసిళ్ల బియ్యం ఎర్రగా, నూనె పీల్చుకుని, ఆవపిండి వాసనతో ఉండేవి. మొదటిసారి అయ్యో అనుకున్నాం. రెండోసారికి జ్ఞానోదయమైంది. ఆ ఎర్ర బియ్యాన్ని విడిగా డబ్బాలో దాచి నెలాఖరుకు వండుకునేవాళ్లం. దానికి కూర అక్కర్లేదు. తర్వాత తర్వాత అమ్మ మూత గట్టిగా బిగించి గుడ్డ కట్టి పంపడం మొదలుపెట్టింది. కట్టొద్దని రాయడానికి నాకు మనసొప్పలేదు, రాస్తే నాయన చదువుతాడు.

నాయన సంగతి వేరు. ప్రతి నెలా మొదటివారంలో 150 రూపాయల మనియార్డరు. ఫారం అడుగున సమాచారం రాయడానికి చిన్న కూపను ఉండేది. అందులో ఎప్పుడూ రెండే మాటలు: "పైసలు పైలం." చాలటం లేదని 15 పైసల కార్డు ముక్క రాశానంటే, ఆయన వారాలు చేసుకుని చదువుకున్న వైనమంతా ఇన్లాండు కవరు మడతల్లోకి కూడా పాకేట్టు రాసి పంపేవాడు. సోమవారం కరణం గారింట్లో, మంగళవారం షావుకారి గారింట్లో, శుక్రవారం ఎవరింట్లోనూ లేదట. టంగుటూరి ప్రకాశం గారి తల్లి పూటకూళ్లిల్లు నడిపి కొడుకును చదివించిన సంగతి కూడా ప్రతిసారీ వచ్చేది. ఆయన బీదరికం ముందు నాది నిలిచేది కాదు. అయినా ఆయన దాన్ని తనతోనే తీసుకుపోయాడు. ఇప్పుడు రంగంలో పోటీ తగ్గింది కదా, నా పంట పండిందనుకున్నాను.

అలా అనుకుంటుండగానే కబ్జాలు మొదలయ్యాయి.

మొదటి దాడి ఇంట్లోనే. మా ఆవిడ 1986లో వచ్చింది, అంటే సంఘటన జరిగిన మూడేళ్లకు. చూసిన సాక్షి కాదు. అయినా నేను పిల్లలకు మీటరు కథ మొదలుపెట్టగానే వంటింట్లోంచి అందుకుంటుంది: "అత్తమ్మ నాతో అన్నది, నెలకు కిలో నెయ్యి, డబ్బానిండా సకినాలు పంపినం, పిల్లగాడు చిక్కకుండ అని." విన్న మాట సాక్ష్యంగా చెల్లదని నేనంటాను. చెల్లకపోయినా పిల్లలు నవ్వుతారు.

రెండో దాడి మావాడిది. డల్లాస్‌లో ఎం.ఎస్. చేసేటప్పుడు ఆరుగురు ఒకే అపార్ట్‌మెంటులో, ఒకటే రైస్ కుక్కరుతో బతికారట. "సేమ్ టు సేమ్, డాడీ" అంటాడు ఫోనులో. సేమ్ ఎలా అవుతుంది? వాళ్లకు ఫ్రిజ్ ఉంది. ఫ్రిజ్ పక్కన నిలబడి ఆకలేసిందనేవాణ్ని బీదవాళ్ల లిస్టులో ఎక్కించడానికి నేనొప్పుకోను. పైగా వాడి ఫీజు కట్టడానికి నేను తీసుకున్న అప్పును వాడు తన బీదరికం కింద జమ కట్టుకుంటున్నాడు. అది నాది.

ఇక ప్రభుత్వం. నా సాక్ష్యాలన్నీ ఒకటొకటిగా మాయం చేస్తూ వచ్చింది. మా ఆర్థిక వ్యవస్థ మొత్తం పావలా మీద నడిచింది. 2011 జూన్ 30తో పావలా చెల్లదన్నారు. "జ్వరం, పైసలు పంపు" అని నేనొకసారి కొట్టిన టెలిగ్రాం (జ్వరం అబద్ధం, పైసలు నిజం) తాలూకు సర్వీసునే 2013 జూలైలో ఎత్తేశారు. బియ్యం మూట దింపుకున్న గౌలిగూడ రేకుల బస్టాండు 2018లో దానంతటదే కూలిపోయింది. మిగిలిన సాక్ష్యం ఒక్కటే: మా అటక మీద ఉన్న నా రేకు పెట్టె, అందులో ఆ నూతన్ స్టవ్వు. పాత సామాన్ల బండి మా గల్లీలోకి వచ్చినప్పుడల్లా మా ఆవిడ ఆ పెట్టె దించబోతుంది, నేను అడ్డం పడతాను. ఇరవై ఏళ్లుగా ఆ పెట్టె స్టే మీద నడుస్తోంది.

ఇవన్నీ చిల్లర తగాదాలు. అసలు కబ్జా పోయిన డిసెంబరులో జరిగింది.

మా ఎం.ఎ. బ్యాచి వాళ్లం శంషాబాద్ దాటాక ఒక రిసార్టులో కలిశాం. ప్లేటు 1,800 రూపాయలు. ఆ ప్లేటు చేతబట్టుకుని అందరూ ఒక్కసారిగా బీదవాళ్లైపోయారు. సొంత రైసుమిల్లు ఉన్నవాడి కొడుకు, స్కూటరు మీద కాలేజీకొచ్చినవాడు, నూకల జావ తాగి చదివానన్నాడు. మిల్లుండీ నూకలు తాగాడంటే అది పిసినారితనం, బీదరికం కాదు. ఒకావిడ చెప్పుల్లేకుండా ఆర్ట్స్ కాలేజీ మెట్లెక్కేదాన్నంది. మే నెలలో ఆ రాతిమెట్ల మీద చెప్పుల్లేకుండా ఒక్కసారి నిలబడి చూడమనండి. నేను ఓపిగ్గా నా వంతు కోసం కూర్చున్నాను. నా దగ్గర తురుపు ముక్క ఉంది: తెల్ల అంగీ కథ.

కథ తెలియనివారి కోసం. మా గదిలో ముగ్గురికీ కలిపి ఒకే ఒక్క మంచి అంగీ ఉండేది, తెల్ల టెరికాట్. ఇంటర్వ్యూ ఎవరిదైతే అంగీ వాళ్లది. రాత్రి ఉతికి, పొద్దున ఇత్తడి చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ. మా ముగ్గురిలో నేను పొట్టి, మూడోవాడు పొడుగు. అంగీ మధ్యవాడి కొలతకు కుట్టించింది. కాబట్టి నాకు చేతులు మడవాలి, వాడికి చేతులు మడిచినట్టు నటించాలి. ఆ అంగీ నాదనీ, స్నేహితుల కోసం త్యాగం చేశాననీ నేను నలభై ఏళ్లుగా పెళ్లిళ్లలో, రిటైర్మెంటు సభల్లో, రెండు సంతాప సభల్లో కూడా చెప్పాను. విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

నేను మైకు అందుకుని "మా గదిలో ఒక తెల్ల అంగీ..." అన్నానో లేదో, వెనక బల్ల నుంచి ప్రతివాది లేచాడు. ప్రతివాది అంటే ఆ మధ్యవాడే. అమీర్‌పేటలో కొడుకుతో ఉంటున్నాడు, మోకాలు నొప్పి, మనిషి మంచివాడే.

"అరేయ్, గా అంగి నాదిర బై!" అన్నాడు.

సభ గొల్లుమంది. నాది అన్నాను. కొలత ఎవరిదిరా అన్నాడు. అంగీ కొలతతో హక్కు రాదన్నాను. "నీకెప్పుడన్న సరిగ్గ పట్టిందార అది?" అన్నాడు. ఇక ఆ పూట నా కథ సాగలేదు. గులాబ్ జామూన్ వచ్చింది, ఇద్దరం తినకూడదు, ఇద్దరం తిన్నాం.

మూడోవాడు ఉండుంటే తేల్చేవాడు. 2009లో పోయాడు. రైలు కట్ట మీద కూర్చుని ఒక చాయ్‌లో ముగ్గురం పంచుకున్నప్పుడు కప్పు మాకిచ్చి సాసరు తను తీసుకునేవాడు. సాసరులోది త్వరగా చల్లారుతుంది, నాకు తొందరరా అనేవాడు. వాడికి తొందరేమీ ఉండేది కాదు.

ఇంటికొచ్చి నిద్ర పట్టలేదు. దస్తావేజు వెతకాలని తీర్మానించుకున్నాను. మా గది ఖర్చులు నేనే ఒక నోటుబుక్కులో రాసేవాణ్ని, ఎకనామిక్స్ కదా. మా ఆవిడ గుడికెళ్లిన సమయం చూసి నిచ్చెన వేసుకుని అటకెక్కాను. రేకు పెట్టెలో, స్టవ్వు కింద, కిరసనాయిలు వాసన ఇంకా పోని నోటుబుక్కు దొరికింది. 1982 ఆగస్టు పేజీ తీశాను. నా చేతిరాతే.

"అంగీ గుడ్డ 42. కుట్టుకూలి 15. మొత్తం 57. తలా 19."

దాని కింద మూడు పేర్లు. ప్రతివాది పేరు ముందు "ముట్టింది". పోయినవాడి పేరు ముందు "ముట్టింది". నా పేరు ముందు "బాకీ".

సెప్టెంబరు తిప్పాను, బాకీ. అక్టోబరు, బాకీ. పరీక్షల నెల దాకా వరసగా నా అందమైన అక్షరాల్లో బాకీ. నెల నెలా 150 వచ్చేవాడిని నేను. ప్రతివాదికి ఇంటి నుంచి మనియార్డరే రాదు, సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి తెచ్చేవాడు. మరి నా పైసలు ఎటు పోయాయి? అదీ అక్కడే రాసుంది, లెక్క దగ్గర నేను ఎప్పుడూ నిజాయితీపరుణ్ని: క్రాస్ రోడ్డులో సినిమా, బాల్కనీ. మళ్లీ సినిమా, బాల్కనీ. సిగరెట్లు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్న ఇంగ్లిషు నవలలు, నాలుగు. మళ్లీ బాల్కనీ.

నా బీదరికం స్వార్జితమని మొదట్లోనే మనవి చేసుకున్నాను. అది అక్షరాలా నిజమని ఈ పేజీలతో రుజువవుతుంది.

అయినా ఫిర్యాదు వాపసు తీసుకోవడం లేదు. పరాయి ఆస్తినైనా పన్నెండేళ్ల పాటు బహిరంగంగా, నిరాటంకంగా, అసలు హక్కుదారు అడ్డు చెప్పకుండా అనుభవిస్తే అనుభవించినవాడికి హక్కు పుడుతుందని చట్టంలో ఉంది. ఆ అంగీ కథను నేను నలభై ఏళ్లు అనుభవించాను. ప్రతివాది మా అమ్మాయి పెళ్లిలో ముందు వరసలో కూర్చుని విన్నాడు, చప్పట్లు కూడా కొట్టాడు. ఆ రోజు ఎందుకు నోరు మెదపలేదో వాడే చెప్పాలి.

నోటుబుక్కును మళ్లీ స్టవ్వు కిందే పెట్టి పెట్టె మూసేశాను. పాత సామాన్ల బండి ఎల్లుండి ఆదివారం మా గల్లీకి వస్తుంది. ఈసారి మా ఆవిడ ఆ పెట్టె దించితే నేను అడ్డం పడదలచుకోలేదు.