పులి హోదా పొందిన బద్ధకం

కోయంబత్తూరు మంచిదా, మదురై మంచిదా అన్న పేచీ నాయకరాజుల నాటి నుంచీ తెగలేదని మా అవ్వ అనేది. మాది కోయంబత్తూరు. మిల్లు, మోటారు, లేతు అంటూ కోడి కూయక ముందే లేచే వంశం. మా ఆవిడది మదురై. ఆ ఊరికి ‘తూంగా నగరం’, అంటే నిద్రపోని ఊరు అని పేరు పెట్టినవాడు, జిగర్‌తండా తాగి పడుకున్న మా బావమరిదిని చూసి ఉండడు.

మా తరఫు సాక్షిగా నేను నీటి చుంచును పిలిచాను. అమెరికా ఏటి గట్ల మీద ఉంటుంది, తూకం పదిహేను గ్రాములకు అటూ ఇటూ. కాళ్లకున్న బిరుసు వెంట్రుకల్లో గాలి పట్టుకుని నీటిమీద నాలుగడుగులు పరిగెత్తగలదు. మునిగినప్పుడు ముక్కులోంచి బుడగ వదిలి, వాసన అంటిన ఆ బుడగనే మళ్లీ పీల్చి వేట పసిగడుతుందని 2006లో కెన్ కటానియా అనే శాస్త్రవేత్త తేల్చాడు. వదిలిన ఊపిరిని కూడా వృథా పోనివ్వని ప్రాణి! మా ఊళ్లో ఏ మిల్లయినా సూపర్‌వైజరుగా పెట్టుకుంటుంది. ఒకటే లోపం, రాత్రనక పగలనక తింటూనే ఉండాలి. ఆ లోపమూ మాకున్నదే.

“ఏంటికి బావా అంత పరుగు? మా సముద్రంలో కడల్ అట్టై ఉండాది చూడు,” అన్నాడు బావమరిది. వాళ్ల వైగై నదిలోనే నీళ్లు కరువు, వీళ్లకు సముద్రమట! తీరాన ఉన్న మండపం అనే ఊరి దాకా పోతేగాని మన్నారు సింధుశాఖ కనబడదు. సరే, కడల్ అట్టై అంటే సముద్ర దోసకాయ, దాని సంగతి విందాం. మెదడు లేదు, కళ్లు లేవు. ఇసుక మింగుతుంది, అందులో దొరికిన తిండి అరిగించుకుని మిగిలిన ఇసుక వదులుతుంది. ఊపిరి తీసుకునేది వెనక ద్వారం గుండా. (ఈ ముక్క అత్తగారి ముందు ఎత్తలేదు.) మరీ విసిగిస్తే కొన్ని రకాలు పేగులు బయటికి కక్కేసి, తీరిగ్గా కొత్తవి పెంచుకుంటాయి.

ఎండబెట్టి చైనా వైపు పంపితే బోలెడు ధర. ఆ ఆశకే జనం తెగ పట్టేశారు. 1988లోనే తూత్తుకుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవాళ్లు దీని పిల్లలను పుట్టించినా, వేట ఆగలేదు. చివరికి 2001లో ప్రభుత్వం దీన్ని వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో, పులి సరసన కూర్చోబెట్టింది. పంజా లేదు, గర్జన లేదు, హోదా మాత్రం పులిది!

“మీ చుంచుకు ఏ షెడ్యూలు బావా?” అన్నాడు వాడు.

అది అమెరికాది, మన చట్టం దానికి వర్తించదన్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది: “మీ కోయంబత్తూరోళ్లకు చుంచులో కూడా అమెరికా సంబంధమే కావాల్నా?”