గుంపులో గోవిందా

రాయపూర్‌లో ఏకవ్యక్తి ప్రదర్శనలకు కరువేమీ లేదు. జయస్తంభ్ చౌక్ నుంచి తెలీబాంధా చెరువు దాకా బండి మీద ఒక్క చుట్టు చుట్టి వస్తే చాలు. పుట్టినరోజు నాయకుడు 20 అడుగుల ఫ్లెక్సీ నిండా చేతులు జోడించి నిలబడి ఉంటాడు. ఆయన కాళ్ల దగ్గర పాస్‌పోర్టు ఫొటోలంత తలకాయలతో అనుచరగణం. ఫ్లెక్సీ వేయించినవాడి పేరు, వార్డు, హోదా, హోదా లేకపోతే ‘సమాజసేవకుడు’ అన్న బిరుదు కూడా ఉంటాయి. ఇంత శ్రద్ధగా క్యూరేటర్ పేరు న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియంలో కూడా వేయరు. ప్రవేశం ఉచితం. గడువు గాలిదుమారం వచ్చేదాకా, లేదంటే పక్క పార్టీవాడి పుట్టినరోజు దాకా. విజయవాడలోనో వరంగల్‌లోనో కూర్చుని ఇది చదివేవాళ్లు ఆశ్చర్యపోతారని నేనేమీ అనుకోవడం లేదు.

మ్యూజియంలో ఒక మనిషికి హాలు మొత్తం అప్పగించి, జీవితమంతా చేసిన పనిని ఒక్కచోట చూపించడం మాత్రం వేరే యవ్వారం. దానికి జెండా మోసేవాళ్లు సరిపోరు. చిత్రకారుడు గైతోండేకి 2014లో గుగెన్‌హైమ్ ఆ మర్యాద చేసింది. మాకు పొరుగునే ఉన్న మండ్లా జిల్లాలో 1922లో పుట్టిన చిత్రకారుడు ఎస్.హెచ్. రజాకు 2023లో పారిస్ పాంపిడూ సెంటర్ చేసింది. రజా ఆ దేశంలో 60 ఏళ్లు కాపురమున్నారు. 2016లో కన్నుమూశారు. ఆ తర్వాత ఏడేళ్లకు వాళ్లకు తీరిక దొరికింది. మ్యూజియాలు మెల్లగానే నడుస్తాయి, కాదనను. కానీ కొన్ని అసలు బయల్దేరనే బయల్దేరవు.

మా ఊరి మ్యూజియం వయసులో చిన్నది కాదు. రాజ్‌నాందగావ్ సంస్థానాధీశుడు మహంత్ ఘాసీదాస్ పుణ్యమా అని 1875లోనే వెలిసింది. ఎనిమిది మూలల పాత భవనం చాలక కొత్తది కడితే 1953లో రాజేంద్ర ప్రసాద్ వచ్చి ప్రారంభించారు. లోపల సిర్పూర్ కంచు బొమ్మలున్నాయి. రాయపూర్ దాకా వచ్చి వాటిని చూడకుండా వెళ్లడం తప్పు. అయితే వెయ్యేళ్ల కిందట ఆ బొమ్మలు పోసినవాడి చిరునామా అడగడం మర్యాద కాదు గదా. మరి బస్తర్ ప్రాంతం కొండగావ్‌లో ఈరోజు పోతపోస్తున్నవాడి సంగతి? అతనికి ఆధార్ కార్డుంది, ఫోన్‌పే స్టిక్కరుంది, ఓటరు జాబితాలో పేరుంది. ఎంపోరియం అద్దాల బీరువాలో అతని బొమ్మకు వేలాడే చీటీ మీద మాత్రం ‘బస్తర్, బెల్ మెటల్, ఇంత ధర, జీఎస్టీ అదనం’ అని ఉంటుంది. పన్నుకు చోటు దొరికిన చీటీలో పేరుకు చోటు దొరకలేదు!

ఆ బొమ్మ ఎలా పుడుతుందో ఒకసారి దగ్గర నుంచి చూడాలి. ముందు మట్టితో లోపలి ముద్ద చేస్తారు. తేనె మైనాన్ని సన్నటి దారాల్లా తీసి దాని మీద వరుసగా చుడతారు. ఏనుగు అంబారీ, అమ్మవారి జడ, ఎద్దు మెడలో గంట, అన్నీ ఆ మైనపు దారాలే. పైన మళ్లీ మట్టి పూసి కాలిస్తే మైనం కరిగి జారిపోతుంది. అది ఖాళీ చేసిన సందుల్లోకి కరిగించిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి అచ్చును పగలగొట్టందే బొమ్మ బయటికి రాదు. కాబట్టి ఒక అచ్చుకు ఒక్కటే బొమ్మ. నగరపు గ్యాలరీల్లో ఒకే చిత్రాన్ని 25 కాపీలు తీసి, కింద పెన్సిల్‌తో నంబరేసి, ‘పరిమిత ప్రతులు’ అంటూ కళ్లకద్దుకుని అమ్ముతారు. ఇక్కడ దేనికదే ఏకైక ప్రతి. అయినా దీని పేరు హస్తకళ, దాని పేరు ఆర్టు. ఈ విద్యలో దేశదేశాల్లో పేరు మోసిన కొండగావ్ వాసి జయదేవ్ బఘేల్ 2014లో పోయారు. మంత్రుల సన్మానాల్లో శాలువాతోపాటు చేతికిచ్చే మెమెంటోల రూపంలో ఆ విద్య ఇప్పటికీ రాజ్యమేలుతోంది. శాలువా పంచిపెట్టేస్తారు, బొమ్మ షోకేసులో దుమ్ము కొట్టుకుంటుంది.

ఇప్పుడు సోనాబాయి రజవార్ కథ. సర్గుజా జిల్లా పుహ్‌పుత్రా అనే పల్లె. చిన్న వయసులోనే పెళ్లయింది. భర్త హోలీరామ్ ఆమెను 15 ఏళ్లపాటు గడప దాటనివ్వలేదు. మన ఆర్టిస్టులు ఏకాంతం కోసం కొండల్లో రెసిడెన్సీలకు దరఖాస్తులు పెట్టుకుంటారు. ఆమెకు ఆ సదుపాయాన్ని మొగుడు ఇంట్లోనే కల్పించాడు. దీన్ని ‘తపస్సు’ అని పొగిడే వ్యాసాలు చదివితే నాకు ఒళ్లు మండుతుంది. తాళం బయట నుంచి పడితే అది తపస్సెలా అవుతుంది?

ఆ చెరలో కొడుక్కి ఆడుకోను బొమ్మల్లేక ఆమె మట్టి పిసికింది. ఎండకు ఇల్లు వేడెక్కుతుంటే వెదురు బద్దల్ని సన్నగా చీల్చి, గుండ్రంగా వంచి, ఒకదానికొకటి కట్టి, మట్టి మెత్తి జాలీలు నిలబెట్టింది. ఆ గుండ్రాల్లో పిట్టలు, పాములు, కోతులు, మద్దెల వాయించేవాళ్లు వచ్చి కూర్చున్నారు. రంగులు వంటింటి నుంచీ పెరటి నుంచీ వచ్చాయి. ఎండ జాలీలో నుంచి పడి నేల మీద మరో బొమ్మ గీసేది. ఆమెకు గురువు లేడు, చూసి నేర్చుకోవడానికి ఇంకో ఇల్లూ లేదు. 1983లో భోపాల్ భారత్ భవన్ కళాకేంద్రం వాళ్లు ఆ ఇల్లు చూసి నోరెళ్లబెట్టారు. అదే ఏడాది రాష్ట్రపతి అవార్డు వచ్చింది. 2007లో ఆమె పోయింది. 2009లో ఒక పేరున్న మ్యూజియం ఆమె ఒక్కదాని కోసం పెద్ద ప్రదర్శన పెట్టింది, పుస్తకం కూడా వేసింది. ఆ మ్యూజియం రాయపూర్‌లో లేదు, ఢిల్లీలోనూ లేదు. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రం శాండియాగోలో ఉంది. పేరు మింగే మ్యూజియం. సిర్పూర్‌లో పుట్టిన ఒక కంచు తారాదేవి కూడా అదే రాష్ట్రంలో, లాస్ ఏంజెలెస్ మ్యూజియంలో కొలువుంది. మన పిల్లలు అక్కడికి వెళ్లి సాఫ్ట్‌వేర్ రాసుకుంటున్నట్టే, ఛత్తీస్‌గఢ్ బొమ్మలకూ కాలిఫోర్నియా బాగా అచ్చొచ్చినట్టుంది.

మా వీధిలో ఒక రిటైర్డ్ రైల్వే పెద్దాయన ఉన్నారు. తాతల నాడు బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం. వీధి మొత్తానికీ ఆయన బాబాయి గారే. ఈ కథ చెబితే కాసేపు ఆలోచించారు.

“అదేటి బాబూ, గోడకి మట్టి మెత్తినందుకు అమెరికావోళ్లు అంత సేసినారా?”

“చేశారు బాబాయి గారూ. ఆవిడ పోయాక.”

“మరి మనోళ్లేటి సేసినారు?”

“అవార్డు ఇచ్చారు కదండీ.”

“అవార్డు ఆళ్లింట్లో మేకుకి ఎట్టుకుంటారు. ఆ బొమ్మలు నాను సూడాలంటే ఎక్కడికెల్లాల?”

ఇంత సూటి ప్రశ్న కళావిమర్శకులెవరూ వేయగా నేను వినలేదు. దీనికి సగం జవాబు భోపాల్‌లో ఉంది. 1982లో తెరిచిన భారత్ భవన్‌లో చిత్రకారుడు జె. స్వామినాథన్ పట్టణం ఆర్టిస్టుల్నీ పల్లె ఆర్టిస్టుల్నీ ఒకే కప్పు కిందకు తెచ్చారు. ఆర్ట్ విద్యార్థుల్ని ఊళ్ల మీదికి పంపి, బస్తర్, సర్గుజాల నుంచి పనులు తెప్పించారు. 2000 నవంబర్ 1న మధ్యప్రదేశ్ నుంచి మా రాష్ట్రం విడిపోయింది. మాకు బొగ్గొచ్చింది, ఇనుమొచ్చింది, అడవి వచ్చింది. భారత్ భవన్ ఎక్కడుందో అక్కడే ఉంది. తొమ్మిదో షెడ్యూలు, పదో షెడ్యూలు అంటూ ఏళ్ల తరబడి జుట్లు పట్టుకున్న తెలుగువాళ్లకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. కాకపోతే మనం ఆర్టీసీ కోసం, భవనాల కోసం కొట్టుకున్నాం. బొమ్మల కోసం కొట్టుకున్న రాష్ట్రం ఇంకా పుట్టలేదు.

పోనీ ఇప్పుడైనా మా రాయపూర్‌లో ఒక కళాకారుడికి ఏకవ్యక్తి ప్రదర్శన పెడదామని ఫైలు కదిలిందనుకుందాం. ఏమవుతుందో నేను చెబుతాను. మొదటి మీటింగ్‌లో ఒకరు లేచి, కొండగావ్ వాడికిచ్చి నారాయణ్‌పూర్ వాడికి ఇవ్వకపోతే మనోభావాలు దెబ్బతింటాయంటారు. రెండో మీటింగ్‌కల్లా జాబితాలో 33 జిల్లాలు చేరతాయి. మూడో మీటింగ్‌లో వంటకాల స్టాళ్లు, జానపద నృత్యం, సెల్ఫీ పాయింటు ఖాయమవుతాయి. ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు దీపం వెలిగించి, రిబ్బన్ కత్తిరించి, గంటన్నర మాట్లాడి, బొమ్మల ముందు నుంచి రెండు నిమిషాల్లో దాటిపోతారు. ఫొటోలో మంత్రి వెనకాల సగం మొహంతో కనిపించేవాడే కళాకారుడు. పత్రికలో ‘చేతివృత్తులవారితో మంత్రి’ అని శీర్షిక. గుంపులో గోవిందా!

ముంబైకి చెందిన కళాకారిణి నవజోత్ అల్తాఫ్ 1997 నుంచి కొండగావ్ వచ్చి స్థానిక కళాకారులతో కలిసి పనిచేశారు. ఊళ్లో చేతిపంపుల చుట్టూ వాళ్లంతా కలిసి కట్టిన నిర్మాణాల్లో ఆడవాళ్లు బిందె దించుకోవడానికీ చోటుంటుంది, కళ్లకూ పని ఉంటుంది. 2018లో ముంబై నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఆమె పనంతటితో ఏకవ్యక్తి ప్రదర్శన పెట్టింది. ఆమె ఎక్కడ మాట్లాడినా శాంతిబాయి, రాజ్‌కుమార్ కోర్రామ్, గెస్సూరామ్ అంటూ తోటివాళ్ల పేర్లు వరసగా చెబుతారు. ఒక మనిషికి ఉన్న ఈ పాటి సంస్కారం ఎంపోరియం చీటీకి ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

మన తెలుగువాళ్లు కళాకారుల్ని మరీ పూచికపుల్లల్లా తీసిపారేయలేదు, నిజమే. 28 నిండకుండానే 1925లో పోయిన దామెర్ల రామారావు పేరు మీద రాజమండ్రిలో ఆర్ట్ గ్యాలరీ ఉంది, ఆయన చిత్రాలూ ఉన్నాయి. ఆ ఊళ్లో దిగినవాళ్లలో రోజ్ మిల్క్ తాగనివాడు లేడు. దామెర్లను చూసొచ్చినవాడిని ఒక్కణ్ని చూపిస్తే ఈ కాలమ్ అతనికే రాసిస్తాను.

విశాఖ నుంచి అరకు మీదుగా జగదల్‌పూర్, చిత్రకోట్ జలపాతం చూడ్డానికి తెలుగువాళ్లు బాగానే వస్తున్నారు. రాయపూర్ వైపు సాగేవాళ్లకు దారిలోనే కొండగావ్ తగులుతుంది. అక్కడ ఆగండి. బొమ్మ కొనేముందు చేసినవాడి పేరు అడగండి, అడుగున అతని చేతే రాయించుకోండి. బేరం తర్వాత ఆడుకోవచ్చు.