ఎన్ని పక్షులు చచ్చినా ఒకటే రేటు

ప్రకృతిని కాపాడటానికి మీరెంత ఇస్తారు అని జనాన్ని అడిగి, వచ్చిన జవాబును ప్రకృతి విలువగా ప్రకటించే విద్య ఒకటుంది. లేని పన్నును ఊహించుకోమంటారు, లేని బజారులో నిలబెడతారు, జేబులోంచి ఎంత తీస్తారో చెప్పమంటారు. ఆలూ లేదు చూలూ లేదు, అంకె మాత్రం పుట్టేస్తుంది.

1989 మార్చి 24న అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ అనే ఓడ దిబ్బనెక్కి, సుమారు 1.1 కోట్ల గ్యాలన్ల ముడి చమురు సముద్రంలో కలిసింది. ఓడ ఎవరిదో తెలుసు. పోసిందెవరో తెలుసు. అయినా నష్టం తేల్చడానికి అలాస్కా ప్రభుత్వం తరఫు నిపుణులు అమెరికాలో ఇంటింటికీ వెళ్లారు. ఇలాంటిది మళ్లీ జరగకుండా ట్యాంకర్లకు కాపలా ఓడలు పెడతాం, మీ వంతుగా ఒకసారి పన్ను కడతారా అన్నారు. మధ్యస్థంగా తేలింది ఇంటికి 31 డాలర్లు. దేశంలోని ఇళ్లతో హెచ్చవేస్తే 280 కోట్లు. ఓడ యజమాని అయిన చమురు కంపెనీతో 1991లో కుదిరిన సివిల్ రాజీ మాత్రం 90 కోట్లకు, అదీ పదేళ్ల వాయిదాల్లో!

ఆ కంపెనీ కూడా తన డబ్బు పెట్టి తన నిపుణులను దింపింది. చమురు వ్యర్థాల గుంటల్లో పడి చచ్చే వలస పక్షులను వలలు కప్పి కాపాడటానికి ఎంతిస్తారని వాళ్లు మూడు గుంపులను విడివిడిగా అడిగారు. 2,000 పక్షులకు సగటున 80 డాలర్లు. 20,000 పక్షులకు 78. రెండు లక్షలకు 88. అంటే మొదటి రెండు వేలు దాటాక చచ్చేవన్నీ దాదాపు ఉచితం. పద్ధతి పరువు తీయడానికే ఈ సర్వే, తీసింది కూడా. దాన్ని కనిపెట్టినవాళ్ల కన్నా చమురు కంపెనీకే అది బాగా అర్థమైందని ఒప్పుకోవాలి.

ఈ పద్ధతిని పరిశీలించడానికి కెన్నెత్ ఆరో, రాబర్ట్ సోలో అనే ఇద్దరు నోబెల్ గ్రహీతల నాయకత్వంలో కూర్చున్న కమిటీ 1993లో నివేదిక ఇచ్చింది. ‘పోగొట్టుకోవడానికి ఎంత తీసుకుంటారు’ అని అడగొద్దు, ‘ఎంత ఇస్తారు’ అనే అడగండి, అంకె పెరిగిపోకుండా ఉంటుందని చెప్పింది. అనుభవమున్న మాటే. బాతులుండే చిత్తడి నేలను కాపాడటానికి 247 డాలర్లు ఇస్తామన్న వేటగాళ్లు, దాన్ని వదులుకోవాలంటే 1,044 అడిగారని 1974లోనే తేలింది. నేల అదే, బాతులూ అవే. నీది కాదు కొనుక్కో అంటే ఒక రేటు, నీదే అమ్ముకో అంటే నాలుగు రెట్లు. జనానిదే అనుకుంటే ఎవరి బిల్లు పెరుగుతుందో వేరే చెప్పాలా?

అసలు గమ్మత్తు ఇంకోటుంది. కొందరు మొండివాళ్లు, ‘పైసా ఇవ్వను, పాడుచేసినవాడి దగ్గర వసూలు చేయండి’ అంటారు. ఈ విద్యలో దాని పేరు ‘నిరసన సున్నా’. చాలా అధ్యయనాలు ఆ జవాబులను పక్కకు తీసేసి, మిగిలినవాళ్లతో సగటు కడతాయి. ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదన్న కూలీ సున్నాను మాత్రం భద్రంగా లెక్కలో ఉంచుతాయి. అడవికి అతనిచ్చే విలువ అంతేనట.