ఇరవై ఒక్క అంగుళాల ఆత్మకథ

నేను కలర్ టీవీని. ఇరవై ఒక్క అంగుళాల పిక్చర్ ట్యూబు, బూడిద రంగు ప్లాస్టిక్ ఒళ్లు, వెనకాల పెద్ద గూను. 1996లో వరల్డ్ కప్ మొదలవడానికి ముందు కోఠి గుజరాతీ గల్లీలో బేరమాడి నన్ను కొన్నారు. ఎల్బీనగర్, తుర్కయాంజాల్, బొంగులూరు దాటించి సాగర్ రోడ్డు మీదుగా ట్రాలీ ఆటోలో ఇబ్రహీంపట్నం తెచ్చారు. బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో, గల్లా పెట్టెకు సరిగ్గా పైన, గోడకు దిగ్గొట్టిన ఇనుప అర మీద కూర్చోబెట్టారు. ఆ అర మీద ఒక్క టీవీకే చోటు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

నన్ను కొన్న హోటలాయన్ని ఊళ్లో అందరూ సేటు అంటారు. ఆయనకు రెండే పట్టింపులు. డికాషన్ తనే దించాలి, గల్లా మీద తనే కూర్చోవాలి. మూడోది క్రికెట్ పిచ్చి. అజారుద్దీన్ మణికట్టు తిప్పితే చిల్లర లెక్క తప్పేవాడు.

నేను వచ్చిన ఏడాదే నవంబరులో, అహ్మదాబాద్‌లో దక్షిణాఫ్రికా మీద ఇంకో హైదరాబాదీ టెస్టుల్లోకి అడుగుపెట్టాడు. మొదటి ఇన్నింగ్స్‌లో 11, రెండో ఇన్నింగ్స్‌లో 51. పేరు వంగీపురపు వెంకట సాయి లక్ష్మణ్. సేటు అతణ్ని చూసి "మనోడు" అన్నాడు. ఆ తర్వాత ఎన్ని పరుగులు చేసినా, చేయకపోయినా ఆ మాట మార్చలేదు. నేను అర ఎక్కిన ఏడే అతను క్రీజులోకి వచ్చాడు కాబట్టి నాకూ అతను మనోడే.

నా జీవితంలో గొప్ప రోజు ఏదంటే 2001 మార్చి 14 అని చెబుతాను. కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాతో టెస్టు, నాలుగో రోజు. ఆ జట్టు అప్పటికే వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చింది. మనవాళ్లు ఫాలోఆన్ ఆడుతున్నారు. ఇవాళ సాయంత్రానికల్లా అయిపోతుందనుకుని సేటు పొద్దున్నే నా వైపు కూడా సరిగా చూడలేదు. ఎండాకాలం మొదలైంది, ఓల్టేజీ పడిపోతూ లేస్తూ ఉంది. కింద స్టెబిలైజర్ టకటకా కొట్టుకుంటోంది. లక్ష్మణ్, ద్రవిడ్ పొద్దున దిగి పొద్దుగూకే దాకా ఆడారు. ఆ ఒక్క రోజులో 335 పరుగులు, ఒక్క వికెట్టు పడలేదు.

షేన్ వార్న్ లెగ్ స్టంప్ బయట గరుకు నేల మీద వేసిన బంతికి లక్ష్మణ్ ముందుకొచ్చి, తిరుగుతున్న దానికి ఎదురుగా మిడ్‌వికెట్ వైపు కొట్టాడు. అలాంటిదే ఇంకో బంతి పడితే కాస్త పక్కకు జరిగి కవర్స్ మీదుగా కొట్టాడు. ఒకే బంతికి రెండు జవాబులున్నవాడికి బౌలర్ ఏం వేయాలి? బస్సు దిగినవాళ్లు నా ముందు ఆగి ఎక్కాల్సిన బస్సులు పోగొట్టుకున్నారు. మర్నాడు లక్ష్మణ్ 281 దగ్గర అవుటయ్యాడు. అప్పటికి మనవాళ్లలో ఒక్క ఇన్నింగ్స్‌లో అంత కొట్టినవాళ్లు లేరు. ఆ టెస్టు ఇండియా 171 పరుగుల తేడాతో గెలిచింది. సేటు ఆ పూట చాయ్‌కి డబ్బులు తీసుకోలేదు. మళ్లీ అలా ఎప్పుడూ చేయలేదు.

తర్వాతి పదేళ్లు మా ఇద్దరికీ చేతినిండా పని. 2003లో అడిలైడ్‌లో 148, మరుసటి నెల సిడ్నీలో 178. అతను చేసిన 17 టెస్టు సెంచరీల్లో ఆరు ఆస్ట్రేలియా మీదే. ఎక్కువగా స్లిప్స్‌లో నిలబడి 135 క్యాచ్‌లు పట్టాడు. వరల్డ్ కప్ మాత్రం ఒక్కటీ ఆడలేదు. జట్టు కష్టాల్లో ఉంటే గుర్తొచ్చే మనిషి అతను. 2010 అక్టోబరులో మొహాలీలో 216 పరుగులు చేయాలి, 124కే ఎనిమిది వికెట్లు పడ్డాయి. నడుము పట్టేసింది, రైనా రన్నర్‌గా వచ్చాడు. ఎప్పుడూ గొంతెత్తని లక్ష్మణ్ ఆ రోజు అవతలి ఎండ్‌లో ఉన్న ఓఝా మీద అరిచాడు. 73 నాటౌట్. ఒక్క వికెట్టు తేడాతో గెలుపు. "నడుమునొప్పి ఉన్నా ఆడిండు చూడు, మనోడు" అంటూ సేటు తన నడుము మీద చెయ్యేసుకున్నాడు. ఇద్దరికీ అక్కడే నొప్పి.

అప్పటికే నాకు కూడా మొదలైంది. స్విచ్చి వేస్తే బొమ్మ రావడానికి మొదట్లో ఓ నిమిషం పట్టేది, తర్వాత మూడు నిమిషాలయింది. మొహాలన్నీ ఎర్రబడేవి. సేటు అరచేత్తో నా డొక్కలో ఒకటి ఇస్తే సర్దుకునేవి. ఊళ్లో మెకానిక్ వచ్చి వెనక డబ్బా విప్పి చూసి తేల్చేశాడు. "సేటూ, ట్యూబ్ వీకయింది. లోపల ఎమిషన్ అయిపోతుంది. హీటర్‌కు ఓల్టేజీ జర పెంచుత, కొన్ని నెలలు మంచిగ వస్తది. గని ఆ తర్వాత ఇంకా జల్ది పోతది."

పెంచాడు. నిజంగానే రంగులన్నీ కొత్తగా మెరిశాయి. సేటు మురిసిపోయాడు. నాకు మాత్రం తెలుసు, మిగిలి ఉన్నదాన్నే తొందరగా ఖర్చు పెడుతున్నానని. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అని ఊరికే అనలేదు.

2011 ఎండాకాలం తర్వాత ఇంగ్లండ్ సిరీస్ వచ్చింది. నాలుగు టెస్టులూ పోయాయి. లక్ష్మణ్ ఎనిమిది ఇన్నింగ్స్‌లో 182. నవంబరులో మళ్లీ అదే ఈడెన్ గార్డెన్స్‌లో వెస్టిండీస్ మీద 176 నాటౌట్. "చూసినవా? అయిపోయిండని అన్నోళ్లు ఏడబోయిండ్రు?" అని సేటు హోటలంతా వినబడేలా అడిగాడు. ఆ 176 తిరిగి పుంజుకోవడమా, చివరి మెరుపా? ఆ రోజు ఎవరూ చెప్పలేరు. స్కోరు కార్డు మీద రెండూ ఒకేలా ఉంటాయి. అసలు చిక్కు అక్కడే ఉంది.

డిసెంబరులో ఆస్ట్రేలియా. మెల్‌బోర్న్, సిడ్నీ ఆటలు మన పొద్దున అయిదింటికి మొదలు. పాలవాళ్లు, యాచారం వైపు పోయే లారీ డ్రైవర్లు, మొదటి బస్సు కోసం వచ్చినవాళ్లు మంకీ క్యాపులు పెట్టుకుని నా కింద చేరేవారు. మెల్‌బోర్న్‌లో 2, 1. సిడ్నీలో 2, 66. పెర్త్‌లో 31, సున్నా. అడిలైడ్‌లో 18, 35. మొత్తం 155. మళ్లీ నాలుగుకు నాలుగూ పోయాయి.

నేను స్లో మోషన్‌లో చూపించేదాన్ని కదా, కాస్త దగ్గరగా చూశాను. గంటకు 140 కిలోమీటర్ల బంతి చేతిలోంచి వదిలాక బ్యాటు దగ్గరకు రావడానికి అర సెకను కూడా పట్టదు. ఆ లోపలే కన్ను పట్టాలి, కాలు కదలాలి, చెయ్యి దిగాలి. లక్ష్మణ్ కాలు మీదకంటే కంటి మీద, మణికట్టు మీద ఎక్కువ ఆధారపడ్డ ఆటగాడు. కన్ను రవ్వంత ఆలస్యమైతే అలాంటివాడికి దాచుకునే చోటుండదు. షాట్ అదే, సొగసూ అదే. బంతి మాత్రం బ్యాటు మధ్యలో కాకుండా అంచుకు తగులుతుంది. చూసేవాళ్లకు దురదృష్టం అనిపిస్తుంది. ఆడేవాడికి అది కాదని తెలుస్తుంది.

హోటల్లో జట్లు కట్టారు. చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ఒక బెంచీ. "తాతా, లక్ష్మణ్‌కు 37 ఏండ్లొచ్చినయ్. కోహ్లీ సెంచరీ కొట్టిండు అడిలైడ్‌ల. పుజారా బయట కూసున్నడు. ఇంకెన్ని రోజులు?" అనేవాళ్లు.

సేటు గల్లా మీద చెయ్యేసి అనేవాడు: "దిగు అంటే ఎట్ల దిగుతడు బిడ్డా? పదహారేండ్ల సంది మోసిండు. మీరు నిన్నగాక మొన్న మీసాలు మొలిసినోళ్లు."

మూలన రోజూ ఒక రిటైరైన సారు కూర్చునేవాడు, ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచుకుంటూ. పాత క్రికెట్ అంతా ఆయన నోటి మీదుండేది. వయసు ప్రకారం చూస్తే లెక్క కుదరదనేవాడు. నాగపూర్‌లో పుట్టిన తెలుగువాడు సి.కె. నాయుడు 1932లో భారత్ తొలి టెస్టుకు కెప్టెన్. 1953-54లో ఆంధ్ర జట్టు మొట్టమొదటిసారి రంజీ ఆడితే దాన్నీ ఆయనే నడిపించాడు, అప్పటికి అరవైకి దగ్గరపడ్డాడు. 61 ఏళ్లకు ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ ఆడాడు. మన అజారుద్దీన్‌ది ఇంకో కథ. 2000 మార్చిలో బెంగళూరులో 102 కొట్టాడు, అది 99వ టెస్టు. ఆ ఏడాదే నిషేధం పడింది, నూరోది రాలేదు. "ఒకాయన ఇష్టమున్నంత కాలం ఆడిండు. ఇంకొకాయనకు బయటి నుంచి తలుపు మూసిండ్రు. తనే తలుపు దగ్గరికేసుకుని పోయేవాళ్లు తక్కువ సేటూ" అన్నాడు సారు.

2012 మార్చి 9న ద్రవిడ్ తప్పుకున్నాడు. ఆగస్టులో న్యూజిలాండ్ సిరీస్. మొదటి టెస్టు 23 నుంచి మన ఉప్పల్లోనే, జట్టులో లక్ష్మణ్ పేరుంది. సేటు హోటల్ మూసి ఉప్పల్ పోదామనుకున్నాడు. 18వ తేదీ శనివారం నేనే ఆ వార్త చూపించాల్సి వచ్చింది. ఉప్పల్ స్టేడియంలో మైకుల ముందు కూర్చుని లక్ష్మణ్ రిటైరవుతున్నట్టు చెప్పాడు. ఈ సిరీస్ కూడా ఆడనన్నాడు. అంతరాత్మ మాట విన్నానన్నాడు. 134 టెస్టులు, 8781 పరుగులు, అక్కడితో సరి. నా తెర మీద అతని మొహం ఎర్రగా కనబడింది. అది నా ట్యూబు పనో, అతని దుఃఖమో నేను చెప్పలేను.

సేటుకు కోపమొచ్చింది. "అయిదు రోజులు! మనూరి గ్రౌండు, మనోళ్లు చప్పట్లు కొడుతుంటే ఆడి, దండ ఏయించుకుని పోవచ్చు గద. ఎవడొద్దన్నడు?" బోర్డు పెద్దలు తరిమేశారని ఒకడు, కెప్టెన్‌తో పడలేదని ఇంకొకడు. టీవీ చానళ్లూ ఆ నాలుగు రోజులూ అదే వాయించాయి.

సారు మాత్రం బిస్కెట్టు పక్కన పెట్టి నెమ్మదిగా అన్నాడు: "గా అయిదు రోజులు మనకు పండుగ సేటూ, నిజమే. గని గా చోటు ఎవరిది? ఇంగ్లండ్, ఆస్ట్రేలియా మన దగ్గరికి వస్తున్నయ్. కొత్త పోరడు నిలదొక్కుకోవాలంటే సొంత గడ్డ మీద ఇప్పుడే దింపాలె. లక్ష్మణ్ దండ కోసం ఆడితే ఆ పోరనికి రెండు టెస్టులు తక్కువ."

సేటు జవాబివ్వలేదు. చాయ్ గ్లాసులు తీసుకుపోతున్న కొడుకు వైపు ఓసారి చూశాడు. వాడికి అప్పటికే పెళ్లయింది, ఓ బిడ్డ. అయినా గల్లా తాళం తండ్రి మొలతాడుకే ఉండేది.

ఉప్పల్ టెస్టులో ద్రవిడ్ ఖాళీ చేసిన మూడో నంబరులో దిగి పుజారా 159 కొట్టాడు. అశ్విన్ 12 వికెట్లు తీశాడు. ఇన్నింగ్స్ 115 పరుగులతో గెలిచాం. సేటు ఉప్పల్ పోలేదు, నా ముందే కూర్చుని చూశాడు. అదే ఆయనతో కలిసి నేను చూపించిన ఆఖరి టెస్టు. దసరాకు కొడుకు ఎల్‌ఈడీ తెచ్చాడు. "నాయినా, పాతది దించుతున్న" అంటే సేటు కాదనలేదు. అర మీద ఒక్కదానికే చోటని చెప్పాను కదా. నన్ను దించిన రోజే తాళం కూడా కొడుకు చేతికిచ్చి, పొయ్యి పక్కన పీట వేసుకున్నాడు. డికాషన్ మాత్రం ఇప్పటికీ తనే దించుతాడట, కొడుకు మనుమడికి నేర్పుతుంటే పక్కనుంచి తప్పులు పడతాడట.

నేను మెకానిక్ షాపు చేరాను. నా స్పీకరు ఇంకో సెట్టులో మాట్లాడుతోంది. షాపులో సెల్‌ఫోన్లు మోగుతూనే ఉంటాయి కాబట్టి లోకం సంగతులు తెలుస్తూనే ఉన్నాయి. 2013 నవంబరులో సచిన్ ముంబయిలో 200వ టెస్టు ఆడి, పిచ్‌కు దండం పెట్టి వెళ్లాడు. మన అంబటి రాయుడు 2019 వరల్డ్ కప్ జట్టులో చోటు దొరక్క జులైలో రిటైరయ్యాడు, రెండు నెలలు తిరగకుండానే మళ్లీ ఆడతానన్నాడు. 2023లో చెన్నైకి కప్పు వచ్చాక ఐపీఎల్‌కు దండం పెట్టాడు. అలిగి లేచినవాడు కుర్చీ వైపు చూస్తూనే ఉంటాడు, అది మనుషుల గుణం. సికింద్రాబాద్ అమ్మాయి మిథాలీ రాజ్ ఆఖరి వరల్డ్ కప్ మ్యాచ్‌లో దక్షిణాఫ్రికా మీద 68 కొట్టి, మూడు నెలలు తిరక్కముందే 2022 జూన్ 8న తప్పుకుంది. ఇరవై మూడేళ్లు ఆడింది, చివరి ఇన్నింగ్స్‌లోనూ బ్యాటులో పస ఉంది. అయినా జట్టు మంచి చేతుల్లో ఉందని చెప్పి దిగింది.

ఇంతమందిని చూశాక నాకు ఒకటి ఖాయమైంది. ఎప్పుడు దిగాలో స్కోరు చెప్పదు. 176 కూడా చెప్పదు, సున్నా కూడా చెప్పదు. వయసు అంతకంటే చెప్పదు, లేకపోతే సి.కె. నాయుడు ఏమైనట్టు? కొత్తగా పుట్టిన ఆంధ్ర జట్టుకు ఆయన కూర్చున్న చోటు అవసరమైంది, కూర్చున్నాడు. లక్ష్మణ్ చోటు కోసం బయట కుర్రాళ్లు ప్యాడ్లు కట్టుకుని ఉన్నారు, లేచాడు. జట్టులో పదకొండే చోట్లు. నాకింకా సత్తా ఉందా అని అడుక్కుంటే ఎవడి మనసైనా ఉందనే అంటుంది. ఈ చోటుకు నా అవసరం ఉందా అని అడుక్కోవడమే కష్టం.

సత్తా మొత్తం కరిగిపోయే దాకా కూర్చున్నవాణ్ని రెక్క పట్టి లేపుతారు. కాస్త మిగిలి ఉండగా లేచినవాడి దగ్గర ఇవ్వడానికి ఏదో ఒకటి ఉంటుంది. లక్ష్మణ్ దిగాక సన్‌రైజర్స్‌కు మెంటరయ్యాడు, 2021 చివర బెంగళూరులో జాతీయ క్రికెట్ అకాడమీ బాధ్యత తీసుకున్నాడు. తను ఖాళీ చేసినలాంటి చోట్లకు కుర్రాళ్లను తయారు చేసే పని అది. ఆ అయిదు రోజుల దండ కంటే ఈ పనే పెద్దదని సేటుతో అనాలని ఉంది, కానీ నా స్పీకరు నా దగ్గర లేదు.